ముప్పై ఏడో పేజీలో ‘సరే’

ఆయన అసలు పేరు పెన్షన్ కాగితాల మీద తప్ప ఇంకెక్కడా మిగల్లేదు. శాఖలో ఇంజనీరుగా పనిచేసిన ముప్పై నాలుగేళ్లూ, రిటైరైన ఈ నాలుగేళ్లూ అందరికీ ఆయన సరేగారే. ఎదురుగా అనేవాళ్లు కొందరు, చాటున అనేవాళ్లు అందరూ. ఎవరు ఏం చెప్పినా ముందు “సరే” అనేయడం ఆయనకు ఊపిరి తీసుకున్నంత అలవాటు. సిమెంటు రాలేదండీ అంటే సరే. వచ్చిందండీ అన్నా సరే. ఓసారి బదిలీ అయిందని చెబితే కూడా సరే అనేసి, ఏ ఊరికో అడగడం మరిచిపోయి, మర్నాడు ఆఫీసుకు ఫోన్ చేసి కనుక్కున్న మనిషి.

ఆ సరేలను ఎక్కువగా భరించింది ఆయన భార్య. పెళ్లయిన ఏడాదిలోపే ఆవిడ దాని గుట్టు కనిపెట్టింది. ఈయన సరే అన్నారంటే మాట చెవిన పడిందని అర్థం, పని అవుతుందని కాదు సుమా, అని చుట్టాలకు నవ్వుతూ చెప్పేది. ఈమధ్య ఆవిడ నవ్వడం మానేసింది. మానదా మరి? ఆ రెండక్షరాల మీద తొమ్మిదేళ్లుగా ఒక కేసు నడుస్తోంది. ఆ కేసు కిందే వాళ్లిద్దరి ముసలితనం ఇరుక్కుపోయింది.

కేసేమిటో చెబితే నవ్వొస్తుంది, ఆ తర్వాత ఒళ్లు మండుతుంది. ప్రభుత్వాసుపత్రికి కొత్తగా ప్రసూతి వార్డు కట్టడానికి టెండరు పిలిచారు. తాపీ పట్టి, ఒక్కో మెట్టే ఎక్కి, చివరికి కాంట్రాక్టరైన ఒకతనికి పని దక్కింది. లైసెన్సు వచ్చి పదేళ్లయినా అందరూ అతన్ని మేస్త్రీ అనే పిలిచేవారు. ఆరడుగుల లోతున గట్టినేల ఉందని నక్షాలో రాసి ఉంది. రాసినవాడు ఏ ఫ్యాను కింద కూర్చుని రాశాడో గానీ, తవ్వితే ఆరడుగులకు బురద తగిలింది. పదికీ బురదే. పన్నెండుకు పాత చెప్పులు, పగిలిన సీసాలు, ఒక సైకిలు చక్రం బయటపడ్డాయి. ఎప్పుడో చెత్త పోసి పూడ్చేసిన పాత నుయ్యి సరిగ్గా వార్డు మూల కిందికి వచ్చింది. ముందు నుయ్యి వెనక గొయ్యి అంటారే, ఇక్కడ నుయ్యీ గొయ్యీ ఒకటే అయి కూర్చుంది.

మేస్త్రి పద్ధతి గల మనిషి. పని దగ్గర ఉంచే సైట్ ఆర్డరు పుస్తకం తీసి, ముప్పై ఏడో పేజీలో గుండ్రటి అక్షరాలతో రాశాడు: “గట్టినేల తగలలేదు. అడుగున పాత నుయ్యి ఉన్నది. ఇంకా లోతుకు తవ్వి రాయితో కట్టుకు రావలెను. ఇది టెండరులో లేని పని. చెయ్యమంటారా? తమ ఆర్డరు కోరుతున్నాను.”

దాని కిందే సరేగారు ఆకుపచ్చ సిరాతో “సరే” అని రాసి, సంతకం చేసి, తేదీ వేశారు.

మేస్త్రి తవ్వాడు, నీళ్లు తోడాడు, అడుగు నుంచీ రాయితో కట్టుకొచ్చాడు. వార్డు లేచింది. అందులో మొదటి కాన్పుకు పుట్టిన పిల్ల ఇప్పుడు రెండో తరగతి చదువుతోంది. అదనపు పనికి బిల్లు పెడితే మాత్రం శాఖవాళ్లు ఒప్పందంలో ఒక షరతు మీద వేలుపెట్టి చూపించారు. అధికారి రాసి ఆర్డరివ్వనిదే టెండరులో లేని పనికి చెల్లింపు ఉండదు. ఆర్డరు ఉందిగా అన్నాడు మేస్త్రి. అది ఆర్డరు కాదు, ఉత్త సరే అన్నారు వాళ్లు. సరే అంటే చెయ్యమనేగా అన్నాడు ఇతను. కాదు, సరే అంటే చూశామని అన్నారు వాళ్లు. అంతే కేసు. గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా తెచ్చారు. కోర్టు ఇది మా దగ్గరెందుకు, ఒప్పందం ప్రకారం ఆర్బిట్రేషన్‌లో తేల్చుకోండి అంది. అంటే ఇరుపక్షాలూ ఒప్పుకున్న ఒక పెద్దమనిషి ఎదుట విచారణ. మొదటి పెద్దమనిషి విచారణ మధ్యలో కాలం చేశాడు. రెండో ఆయన ఆరోగ్యం బాగాలేదని తప్పుకున్నాడు. ఇప్పుడున్నాయన మూడో ఆయన, రిటైరైన జడ్జి. మేస్త్రి కంకర మిక్సర్లు రెండూ అమ్మేసి, చివరికి ఎవరిదో కాంట్రాక్టులో కూలికి తాపీ పట్టాడు.

సరేగారికి తగిలిన దెబ్బ వేరు. ఈ కేసు తేలేదాకా ఆయనకు బకాయిల్లేవన్న సర్టిఫికెట్ ఇవ్వబోమని శాఖ చేతులు కట్టుకు కూర్చుంది. అది లేకపోతే రిటైరైనప్పుడు రావలసిన పెద్దమొత్తం రాదు. నెలనెలా పెన్షన్‌లో కొంత మాత్రం వస్తుంది, దానితో తిండి, అద్దె గడుస్తాయి. ఆవిడ మోకాళ్లు గడవవు. రెండు మోకాళ్లకూ ఆపరేషన్ చేయాలని డాక్టరు చెప్పి మూడేళ్లయింది. వాళ్లుండేది రెండో అంతస్తులో. ముప్పై ఎనిమిది మెట్లు. ఆవిడ మొదటి అంతస్తు మలుపులో ఒక ప్లాస్టిక్ స్టూలు పెట్టుకుంది, ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ దానిమీద కూర్చుని ఊపిరి తిప్పుకోవడానికి. పక్కింటివాళ్లు ఆ స్టూలును తీసి పక్కన పెట్టినప్పుడల్లా ఆవిడ మళ్లీ అక్కడే వేసుకునేది.

సరేగారు సాక్ష్యం చెప్పాల్సిన రోజుకు మూడు వారాల ముందు ప్రభుత్వ పక్షం లాయరు ఆయన్ని తన ఆఫీసుకు పిలిపించింది. అందరూ ఆమెను ప్లీడరమ్మ అంటారు. కటువైన మనిషేం కాదు. టీ ఇచ్చి, ఫ్యాను ఆయనవైపు తిప్పి, మెల్లగా విషయంలోకి వచ్చింది. సరే అంటే చూశాను అని చెప్పండి, అంతకన్నా ఏమీ వద్దు అంది. అంత అదనపు పనికి ఆర్డరిచ్చే అధికారం ఆయన హోదాకు లేదు. ఆర్డరిచ్చానంటే ఆ నష్టం ఆయన మీదే పడుతుంది, శాఖ విచారణ కూడా మొదలవుతుంది. చూశానంటే మాత్రం పది రోజుల్లో సర్టిఫికెట్ ఆయన చేతికొస్తుంది, తను మాట్లాడి ఉంచానంది. సరే అన్నారు ఆయన.

ఎవరో ఫోన్ చేస్తే ఆమె బయటికి వెళ్లింది. బల్ల మీద ఆర్డరు పుస్తకాలు రెండున్నాయి. మొదటిది అందరి చేతుల్లోనూ నలిగి అంచులు ఊడింది. రెండోది తొమ్మిదేళ్ల కింద కట్టిన దారంతో అలాగే ఉంది. ఈ పీటముడి అంతా మొదటి పుస్తకంలోని ముప్పై ఏడో పేజీలోనే ఉంది కాబట్టి రెండో దాని జోలికి ఏ లాయరూ పోలేదు. ఊరికే కూర్చోలేక ఆయన దారం విప్పి పేజీలు తిప్పారు. అరవై నాలుగో పేజీ దగ్గర చెయ్యి ఆగిపోయింది.

మేస్త్రి అక్షరాలే. “నూతి గోడ రాళ్లు బాగున్నవి. వాటినే పునాదికి వాడుకుందుమా?” కింద ఆకుపచ్చ సిరాతో “వద్దు.”

రెండు పుస్తకాల్లోనూ కలిపి రెండు వందల పైచిలుకు సరేలున్నాయి. వద్దు ఒక్కటే. ఆ రాళ్లు మెత్తబడి ఉన్నాయి, బరువు మోయవని ఆయనకు ఇప్పటికీ గుర్తే. వద్దు అనగానే మేస్త్రి మారుమాటాడకుండా ఆ రాళ్లన్నీ పారబోసి, కొత్తరాయి తెప్పించాడు. వద్దంటే మానేశాడు, సరే అంటే చేశాడు. అదొక సాక్ష్యమని పాపం అతనికి ఈనాటికీ తట్టలేదు. ఆయనకు మాత్రం తట్టింది. అడుగుల చప్పుడు వినబడగానే గబగబా పుస్తకం మూసి దారం కట్టేశారు. అరవై నాలుగేళ్ల వయసులో తేలు కుట్టిన దొంగలా కూర్చోవలసి వచ్చినందుకు ఆయనకు తనమీద తనకే అసహ్యం వేసింది.

అసలు సంగతి ఆయనకు ముందునుంచీ తెలుసు. నుయ్యి బయటపడ్డ రోజు ఆయన గోతి గట్టు మీద నిలబడి పెద్దసారుకు ఫోన్ చేశారు. పని ఆగడానికి వీల్లేదు, ప్రారంభోత్సవం తేదీ ఖాయమైపోయింది, అయితే కాగితం మీద ఏమీ పెట్టొద్దు, అన్నాడు పెద్దసారు. ఫోన్ పెట్టేశాక మేస్త్రి పుస్తకం తెరిచి పట్టుకుని ఎదురుగా నిలబడ్డాడు. వాన చినుకులు పడుతున్నాయి, పుస్తకం తడవకుండా అతను తలపాగా విప్పి పైన పట్టాడు. చెయ్యి అని రాస్తే తన మెడకు చుట్టుకుంటుంది. వద్దు అని రాస్తే పని ఆగుతుంది. పాము చావకూడదు, కర్ర విరగకూడదు. అందుకే సరే అని రాశారు. ఆరోజు తన తెలివికి తనే మురిసిపోయారు కూడా.

సాక్ష్యం రోజు పొద్దున ఆయన బూట్లు వేసుకుంటుంటే ఆవిడ గోడ పట్టుకుని వచ్చి ఎదుట నిలబడింది. కూర్చుంటే మళ్లీ లేవడం కష్టమని ఈమధ్య నిలబడే మాట్లాడుతోంది.

“ఆ ప్లీడరమ్మ ఏం చెప్పమందో అది చెప్పేసి రండి. నాకు న్యాయాలూ ధర్మాలూ తెలియవు. ఈ మెట్లు ఇక నా వల్ల కావట్లేదు.”

“సరే.”

“ఇది ఏ సరేనండీ? వినబడిన సరేనా, చేసే సరేనా?”

ఆయన అప్పటికే బిగించిన లేసును విప్పి, మళ్లీ కట్టుకున్నారు.

విచారణ ఒక జిరాక్స్ షాపు పైన అద్దెగదిలో. పొడుగు బల్ల, రకానికొకటి చొప్పున కుర్చీలు, కిటికీ గూటిలో ఫైళ్లు. కింద మిషన్ తిరిగినప్పుడల్లా బల్ల మీది నీళ్ల గ్లాసు వణికేది. మేస్త్రి మూలగా కూర్చున్నాడు. జుట్టు పూర్తిగా తెల్లబడింది. సరేగారిని చూసి అలవాటు కొద్దీ సగం లేచాడు, మళ్లీ ఎందుకనుకున్నాడో కూర్చున్నాడు.

ప్లీడరమ్మ మొదటి పుస్తకం తెరిచింది. పదకొండో పేజీ చూపించి, “ఈరోజు వాన, పని జరగలేదు అని రాసుంది. కింద మీరు సరే అన్నారు. వాన పడమని ఆర్డరిచ్చారా?” అని అడిగింది. లేదన్నారు ఆయన. ఇరవై రెండో పేజీలో కాపలావాడి మేక గోతిలో పడిందని ఉంది, కింద సరే ఉంది. మేక పడడానికి తమరు అనుమతి ఇచ్చినట్టా అంది. జడ్జిగారు నవ్వారు. రాసుకుంటున్న గుమాస్తా నవ్వాడు. చివరికి మేస్త్రి కూడా, తన కొంప మునుగుతోందని తెలిసీ, నవ్వాపుకోలేకపోయాడు. ఆ మేకను పైకి లాగింది అతనే మరి. ఆ నవ్వు చూసి సరేగారు తల తిప్పుకున్నారు.

అయితే మీరు సరే అని రాయడమంటే పేజీ చూశానని గుర్తు పెట్టడమే కదా అంది ప్లీడరమ్మ. చాలాచోట్ల అంతేనండి అన్నారు ఆయన. ఆ ‘చాలాచోట్ల’ను ఆమె పట్టించుకోలేదు, లేదా పట్టించుకోనట్టు ఉండిపోయింది. మేస్త్రి తరఫు లాయరు ఈ కేసులో మూడోవాడు, ఫైలు పూర్తిగా చదివినట్టు లేదు. రెండు ప్రశ్నలు అడిగి, అదే జవాబు రెండుసార్లు విని, చతికిలబడ్డాడు.

జడ్జిగారు కళ్లజోడు తీసి తుడుచుకుంటూ, ఏ సాక్షినైనా అడిగే చివరి మాట అడిగారు. ఇంకేమైనా చెప్పుకునేది ఉందా?

ఉండదని గదిలో అందరికీ తెలుసు. ప్లీడరమ్మ కాగితాలు సర్దుకుంటోంది. సరేనండి, ఏమీ లేదండి అనే మాట సరేగారి నాలుక చివరిదాకా వచ్చింది కూడా. మెట్ల మలుపులో స్టూలు గుర్తొచ్చింది. ఆవిడ గోడ పట్టుకుని నిలబడ్డ తీరు గుర్తొచ్చింది. అటు మూలన మేస్త్రి, తలపాగా లేని తలతో, నేలకేసి చూస్తున్నాడు. కింద మిషన్ ఆగింది.

“రెండో పుస్తకం కట్టు విప్పించండి,” అన్నారు. “అరవై నాలుగో పేజీ.”

జడ్జిగారు చదివారు. ఇది మీ రాతేనా అని అడిగారు.

“నాదేనండి. నాకు వద్దనిపించినప్పుడు వద్దు అని రాశాను. అతను మానేశాడు. ముప్పై ఏడో పేజీలో నేను వద్దనలేదు.”

“అంటే అది ఆర్డరేనంటారా? ఆ అధికారం మీకు ఉందా?”

“లేదండి. అయినా చెయ్యమనే రాశాను. రేపు ఎవరైనా అడిగితే కాదనడానికి వీలుగా ఉంటుందని ఆ మాట రాశాను.” గ్లాసు అందుకుని రెండు గుక్కలు తాగారు. “ఫోన్‌లో పైవాళ్లు పని ఆపొద్దన్నారు. దానికి కాగితం లేదు. కాబట్టి ఆ సరే నాదే.”

గుమాస్తా కలం కాసేపు ఆగి మళ్లీ కదిలింది. తీర్పు తర్వాత చెబుతామని జడ్జిగారు లేచారు. ప్లీడరమ్మ గుమ్మం దగ్గర ఆయన కోసం ఆగింది. కోపంగా లేదు, అలిసిపోయినట్టు ఉంది. ఇక మీ ఫైలు సంగతి నా చేతుల్లో లేదండీ, మీకు తెలుసుగా అంది. తెలుసమ్మా అన్నారు ఆయన. ఆ ఒక్కసారి సరే అనలేదు.

మెట్ల కింద, జిరాక్స్ షాపు పక్కన మేస్త్రి నిలబడి ఉన్నాడు. సరేగారు ఏదో ఆశించారు. నెత్తిన పాలు పోశారు సారూ అంటాడని కాదు గానీ, ఓ దండమైనా పెడతాడనుకున్నారు. అతను పెట్టలేదు. చాలాసేపు రోడ్డు చూసి, తర్వాత ఆయన్ని చూశాడు.

“ఈ మాట తొమ్మిదేళ్ల కింద చెప్పుంటే బాగుండేది సారూ.”

“అప్పుడు నన్నెవరూ అడగలేదయ్యా.”

“నేనడిగాను కదండీ,” అన్నాడు మేస్త్రి. “పుస్తకంలో రాసి మరీ అడిగాను. చెయ్యమంటారా అని.”

గొంతు పెంచలేదు, నిష్ఠూరం కూడా ఆడలేదు. చేతిసంచి సర్దుకుని బస్సు కోసం అవతలి పక్కకు వెళ్లిపోయాడు. రెండు బస్సులు వెళ్లినా సరేగారు అక్కడే నిలబడ్డారు. నిజం చెబితే గుండె బరువు దిగుతుందంటారు, ఎవరికి దిగిందో గానీ ఆయనకు దిగలేదు.

ఇంటికి చేరేసరికి మధ్యాహ్నం మూడు దాటింది. మెట్లెక్కుతుంటే మొదటి అంతస్తు మలుపులో ఆవిడ కనబడింది, స్టూలు మీద, మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని. ఎంతసేపైందే దిగి, అని అడిగారు. గంటైంది, పైన ఉండబట్టలేకపోయాను, అంది ఆవిడ. పైకి వెళ్లి చెబుతానన్నారు. ఇక్కడే చెప్పండి అంది.

ఆయన ఆవిడ కాళ్ల దగ్గర మెట్టు మీద కూర్చుని అంతా చెప్పారు. వానలో తలపాగా సంగతి, అరవై నాలుగో పేజీ సంగతి, మూడు వారాలుగా దాన్ని ఆవిడ దగ్గర కూడా దాచిన సంగతి. సర్టిఫికెట్ ఇక రాదు, విచారణ కొత్తగా నా మీదే పెడతారు అని చెప్పారు. నీ మోకాళ్లు అని మొదలుపెట్టి, ఆ వాక్యం పూర్తి చెయ్యలేకపోయారు. ఏడుపొచ్చింది. పైనుంచి ఎవరో దిగుతుంటే ఇద్దరూ పక్కకు జరిగి దారిచ్చారు.

దిగినవాళ్ల చెప్పుల చప్పుడు వీధిలో కలిసిపోయింది.

“సరే,” అంది.

నలభై ఏళ్ల కాపురంలో ఆవిడ నోట ఆ మాట ఆయన ఎప్పుడూ వినలేదు. ఆవిడ మాటలు ఆవిడవి; ఒప్పుకుంటే అలాగే అనేది, ఒప్పుకోకపోతే ఇల్లెగిరిపోయేలా కాదనేది. ఆయన ఆవిడ ముఖంలోకి చూశారు. అందులో కోపం ఉందో, క్షమ ఉందో, ఇంక ఏదైతే అదైందిలే అన్న విసుగే ఉందో తెలియలేదు. మంచి చేశారనా, నా బతుకింతే అనా? కేవలం వినబడిందనా? ఈ రెండక్షరాలు పట్టుకుని తొమ్మిదేళ్లు మేస్త్రి ఎలా నిద్రపోయాడో, అసలు పోయాడో లేదో, ఆయనకు మొదటిసారి అనిపించింది.

“ఏ సరే?” అని అడిగారు.

“ఎందుకు, రాసి సంతకం పెట్టమంటారా?” అంది ఆవిడ.

నవ్వలేదు. లేవడానికి చెయ్యి మాత్రం చాచింది. ఆయన ఆ చెయ్యి పట్టుకుని లేపారు. పైకి ఇంకా పంతొమ్మిది మెట్లున్నాయి. ఒక్కో మెట్టుకూ ఆగుతూ, ఆయన భుజం మీద బరువంతా ఆనించి ఆవిడ ఎక్కింది. తలుపు దాకా చేరినా ఆయన మళ్లీ అడగలేదు, ఆవిడా చెప్పలేదు.